ఆడమ్స్ ఫ్లై కట్టడం: ముక్కు మీద బోర్లా పడుతోంది, ఇంతకీ గ్రిజ్లీ ఈకని మన పుంజుల భాషలో ఏమంటారు?

నోవీ_చలి | జనవరి 10, రాత్రి 11:40

నమస్తే అందరికీ. పోయిన వేసవిలో ఆఫీసు ఫ్రెండ్ ఒకతను ఆసాబుల్ నదికి తీసుకెళ్ళాడు. ఒక్క చేప కూడా పడలేదు గానీ పిచ్చి మాత్రం పట్టింది. మిషిగన్ చలికాలంలో చేసేదేముందని వైస్ (హుక్కుని బిగించి పట్టుకునే పనిముట్టు), దారాలు, హుక్కులు, రెండు కోడి మెడల తోళ్ళు ఈకలతో సహా కొనుక్కుని ఫ్లైలు (చేపలకి ఎరగా ఈకలతో కట్టే పురుగులు) కట్టడం మొదలెట్టాను. ఆడమ్స్ అనే రకం ఒక్కటి వస్తే మిగతావి వాటంతటవే వస్తాయని షాపులో చెప్పారు. మూడు వారాంతాలు పోయాయి, నాకింకా రాలేదు.

14 నంబర్ హుక్కు మీద ఆరు కట్టాను, ఆరూ ఆరు రకాలు, ఫొటోలు పెట్టాను. ఇందాక వంటింట్లో స్టీలు గిన్నె నిండా నీళ్ళు పోసి ఒక్కోటి వేసి చూశాను. రెండు మునిగిపోయాయి. మూడు ముక్కు మీద బోర్లా పడ్డాయి. ఆరోది బానే నిలబడింది కానీ హుక్కు కంట్లో జిగురు నిండిపోయి లీడర్ (తాడు చివర కట్టే సన్నటి దారం) దూరడం లేదు. రాత్రి పదకొండింటికి గిన్నెలోకి తొంగి చూస్తూ కూర్చున్న నన్ను చూసి మా ఆవిడ ఏమీ అనకుండా లైటు తీసేసి వెళ్ళిపోయింది.

రెండో ప్రశ్న. ఆడమ్స్‌కి రెండు రకాల పుంజు ఈకలు కలిపి చుట్టాలట, ఒకటి బ్రౌన్, ఒకటి గ్రిజ్లీ. గ్రిజ్లీ అంటే ఎలుగుబంటి అనుకున్నాను, తీరా చూస్తే కోడే. తెలుపు మీద నలుపు అడ్డ చారలు. మా అమ్మమ్మగారిది ఆకివీడు. ఇలాంటి రంగులకి అక్కడ పేర్లుండేవి, ఒక్కటీ గుర్తు రావడం లేదు.

పాతగాలం | జనవరి 11, ఉదయం 6:15

బాబూ, అడుగుతున్నానని ఏమీ అనుకోకు. ఫ్లై అంటే ఈగే కదా? ఈగని పట్టి గాలానికి గుచ్చితే పోయేదానికి దారాలు, ఈకలు, జిగురు ఎందుకు? మేం ఏలూరు కాలువలో ఎర్ర గుచ్చి, బెండు మునగ్గానే లాగేవాళ్ళం. సాయంత్రానికి పులుసుకి సరిపడా పడేవి.

నోవీ_చలి | జనవరి 11, ఉదయం 6:50

నిజం ఈగ హుక్కు మీద నిలవదండీ. పైగా ఈ రకం ఫిషింగ్‌లో ఎరకి బరువుండదు, బరువంతా తాడుదే. కొరడా ఝళిపించినట్టు తాడుని విసిరితే దాంతోపాటు ఈకల పురుగు వెళ్ళి నీళ్ళ మీద వాలుతుంది. తేలే ఫ్లైని డ్రై ఫ్లై అంటారు. మీ భాషలో చెప్పాలంటే ఎర్రా అదే, బెండూ అదే.

డెన్వర్_అక్క | జనవరి 11, ఉదయం 9:22

తమ్ముడూ, ఫొటోలు చూశాను. ఏడవకు, నా మొదటి పాతిక ఇంతకంటే ఘోరం. నీకున్న జబ్బులు మూడు, మూడూ ఒకదాన్నించి ఒకటి పుట్టినవే.

మొదటిది, రెక్కలు మరీ ముందుకి కట్టావు. హుక్కు కాడని మూడు భాగాలు అనుకో. రెక్కలు కంటి నుంచి మూడో వంతు వెనక్కి రావాలి. నువ్వు కంటిని ఆనించి కట్టేశావు, ఇక హ్యాకిల్ (రెక్కల దగ్గర చుట్టే పుంజు ఈక) చుట్టడానికి చోటేది? ఉన్న ఇరుకులోనే చుట్టి, దాని మీదే ముడేశావు, దాని మీద జిగురు పోశావు. కన్ను మూసుకుపోయిందంటే మూసుకోదా మరి! కంటి వెనక ఇంకో కన్ను పట్టేంత ఖాళీ చివరిదాకా వదిలెయ్. వదిలాననే అనుకుంటావు, ఆఖర్న చూస్తే ఉండదు. కాబట్టి రెండు కళ్ళంత వదులు.

రెండోది, ఒళ్ళు లావు. ఆ బూడిద రంగు బొచ్చు మస్క్‌రాట్‌ది. నీటి జంతువు కాబట్టి లోపలి మెత్తటి బొచ్చు తేలిగ్గా తడవదు. అలాగని గుప్పెడు పెడితే స్పంజిలా తాగుతుంది. దారానికి బొచ్చు అంటించి పురి తిప్పడాన్ని డబ్బింగ్ అంటారు, సినిమా డబ్బింగ్ కాదు. దీపారాధనకి వత్తి చేస్తాం చూడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకే వైపు నులుముతూ, అదే పని. అటూ ఇటూ నులిమితే పురి విడిపోతుంది. ఎంత బొచ్చు చాలంటే, దారం మీద ఏదో దుమ్ము పట్టిందేమో అనిపించాలి. "ఇది చాలదేమో" అనిపించినప్పుడు అందులోంచి సగం తీసెయ్.

మూడోది, బోర్లా పడేది తోక వల్ల. ఫ్లై నీళ్ళ మీద కూర్చునేది ముందు హ్యాకిల్ పోగుల మీద, వెనక తోక మీద. నీ తోకలో నాలుగు పోగులున్నాయి, అవీ పొట్టివి. బ్రౌన్ నుంచి ఐదారు, గ్రిజ్లీ నుంచి ఐదారు గట్టి పోగులు తీసి, కొసలు సమానం చేసి, హుక్కు కాడంత పొడవు ఉంచి కట్టు.

ఇక రెక్కలు. గ్రిజ్లీ మెడలోంచి ఒకే సైజు ఈకలు రెండు, వాటి కొసలు మాత్రమే. మెరిసే వైపులు ఒకదానికొకటి ఆనించి, మెరుపు లేని వైపులు బయటికి పెట్టు. అప్పుడు వంపు వల్ల రెండూ చెరోవైపు విచ్చుకుంటాయి. పొడవు హుక్కు కాడంత. నిలబెట్టి ముందు నాలుగు చుట్లు వేస్తే లేస్తాయి, మధ్యలో ఎనిమిది అంకెలా దారం తిప్పితే విడివిడిగా నిలబడతాయి. నీ వాటిలో ఒకటి తూర్పు చూస్తోంది, ఒకటి కింద చూస్తోంది.

హ్యాకిల్ చుట్టేటప్పుడు బ్రౌన్ ముందు. రెక్క వెనక మూడు చుట్లు, ముందు రెండు. తర్వాత గ్రిజ్లీని దాని మధ్యలోంచే పోనివ్వాలి. నేరుగా లాగితే కింద ఉన్న పోగుల్ని అణగదొక్కుతుంది. చిక్కుపడ్డ జుట్టులో దువ్వెన పోనిచ్చినట్టు కొంచెం అటూ ఇటూ ఊపుతూ చుట్టు. పోగుల పొడవు హుక్కు నోటి వెడల్పుకి ఒకటిన్నర రెట్లు. ఈకని వంచి హుక్కు పక్కన పెట్టి చూసుకున్నాకే కట్టు. నువ్వు చూసుకోలేదని ఫొటోలోనే తెలుస్తోంది.

నోవీ_చలి | జనవరి 11, ఉదయం 9:40

అక్కా, దండం. చివరి ముడి నాకు అసలు రావడం లేదు. వీడియోలో చేతులు ఏటో పోతాయి, ముడి ఎక్కడ పడుతుందో కనపడదు.

డెన్వర్_అక్క | జనవరి 11, ఉదయం 10:05

విప్ ఫినిష్. మల్లెపూలు మాల కట్టడం వచ్చా? మెలిక వేసి, పువ్వు కాడల మీదికి తోసి, బిగించడం? ఇందులో దారం కొస తన మీద తనే పడుకుంటుంది, దాని మీద నాలుగైదు మెలికలు చుట్టి, చివర్న కొస పట్టి లాగితే అన్నీ కలిసి బిగుసుకుంటాయి. ముందు లావు తాడుతో పెన్సిలు మీద పదిసార్లు చెయ్యి. మా అమ్మ ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు నా చేతిలోంచి లాక్కుని రెండోసారికే వేసేసింది. "దీనికి క్లాసులు కూడా ఉంటాయా?" అంది.

బోర్డ్‌మన్_బాబాయ్ | జనవరి 11, మధ్యాహ్నం 2:30

నోవీ బాబూ, నువ్వు ఉన్న రాష్ట్రంలోనే పుట్టిన ఫ్లై అది. ట్రావర్స్ సిటీకి దక్షిణంగా మేఫీల్డ్ అని చిన్న ఊరు. అక్కడ లెన్ హాలడే అనే ఆయన 1922లో కట్టాడు. ఒహాయోలోని లొరేన్ నుంచి చార్లెస్ ఆడమ్స్ అనే లాయరు చేపలకి వచ్చేవాడు. హాలడే ఇంటి ముందు చెరువులో గాలం వేస్తున్న ఆయన చేతికి ఇది ఇచ్చి, సాయంత్రం బోర్డ్‌మన్ నదిలో వేసి చూడమన్నాడు. మర్నాడు పొద్దున లాయరు గారు ఉబ్బితబ్బిబ్బవుతూ వచ్చి దీని పేరేంటని అడిగాడు. దీంతో మొదట చేపలు పట్టింది నువ్వే కాబట్టి నీ పేరే పెడదామన్నాడట హాలడే. కట్టినవాడి పేరు ఎవరికీ తెలీదు, పట్టినవాడి పేరు నూరేళ్ళ తర్వాత కూడా ప్రతి షాపులో ఉంది!

మొదట్లో తోక గోల్డెన్ ఫెజంట్ పోగులతో, ఒళ్ళు బూడిద రంగు ఉన్నితో ఉండేది. మస్క్‌రాట్, కలగలుపు తోక తర్వాత స్థిరపడ్డాయి. బోర్డ్‌మన్ కూడా ఇప్పుడు బోర్డ్‌మన్-ఒట్టవే అయింది. 2012 నుంచి 2018 లోపు దాని మీద మూడు డ్యాములు తీసేశారు. నేను తొలిసారి దిగినప్పుడు చెరువులా నిలిచి ఉన్నచోట ఇప్పుడు గలగలా పారుతోంది.

ఆడమ్స్ ఫలానా పురుగు అని ఎవరూ చెప్పలేరు. మేఫ్లై అంటే మేఫ్లై, క్యాడిస్ అంటే క్యాడిస్, రెండూ చేపలు తినే నది పురుగులే. రెండు రంగుల పోగులు కలిసి చుట్టేసరికి రెక్కలు కొట్టుకుంటున్నట్టు మసకగా కనిపిస్తుంది. చేప కిందనుంచి చూస్తుంది కదా. దానికి కనపడేది పోగులు నీటి పొర మీద పెట్టిన గుంటలు, పైన బూడిద నీడ. అంతకుమించి దానికి అక్కర్లేదు. రెక్క తూర్పు చూసినా పడమర చూసినా చేప పట్టించుకోదు. ఇది మాత్రం డెన్వర్ అమ్మాయికి చెప్పకు.

డెన్వర్_అక్క | జనవరి 11, మధ్యాహ్నం 2:41

చదివాను బాబాయ్ గారూ. రెక్క వంకర అయితే విసిరినప్పుడు గిరగిరా తిరిగి లీడర్ అంతా మెలికలు పడుతుంది. చేప పట్టించుకోదు, లీడర్ పట్టించుకుంటుంది.

ఉండి_రోడ్డు | జనవరి 12, ఉదయం 7:10

చేపల సంగతి నాకు తెలీదు, మాది చెరువుల ఊరే అయినా మేం లారీలకి ఎత్తేవాళ్ళమే. పుంజుల సంగతి మాత్రం నన్నడగండి. నోవీ తమ్ముడు ఆకివీడు మనవడంట కదా, మనూరివాడే.

బ్రౌన్ అన్నది డేగ. అందులో ఎవరికీ పేచీ ఉండదు. ఎర్రటి ఈకలుంటే డేగ, నల్లటివైతే కాకి, తెల్లటివైతే సేతు. ఇప్పుడు ఈ గ్రిజ్లీ ఫొటో చూస్తే పర్ల అనాలనిపిస్తోంది. మెడ మీద నలుపూ తెలుపూ సమానంగా ఉంటే పర్ల అంటాం.

కోనసీమ_గాలి | జనవరి 12, ఉదయం 8:02

ఉండి బావగారూ, ఒప్పుకోను. పర్లలో కొన్ని ఈకలు నల్లవి, కొన్ని తెల్లవి. ఇందులో ప్రతి ఈక మీదా అడ్డంగా చారలున్నాయి, రూళ్ళకర్రతో గీసినట్టు. ఇది నాటు పుంజుల్లో ఉండే రంగు కాదు. మా ఊరి ఫారంలో ఇలాంటి సీమకోళ్ళని చూశాను. వాటికి మన శాస్త్రంలో పేరు వెతకడం దండగ.

డెన్వర్_అక్క | జనవరి 12, ఉదయం 8:55

కోనసీమ గారు చెప్పింది నిజం. గ్రిజ్లీ ఈకలు బార్డ్ ప్లిమత్ రాక్ అనే అమెరికన్ జాతి నుంచి వచ్చాయి. ఇప్పుడు ఫ్లైల కోసమే తరతరాలుగా ఏరి పెంచిన పుంజులున్నాయి. మా కొలరాడోలోనే డెల్టాలో వైటింగ్ ఫార్మ్స్ వాళ్ళవి పేరున్నవి. ఆ పుంజుల వీపు ఈక ఒక్కటి జానెడు పైన ఉంటుంది, ఒక ఈకతో నాలుగైదు ఫ్లైలు కట్టుకోవచ్చు.

దానికి ముందు అమెరికాలో చాలామంది కట్టింది ఇండియా పుంజుల మెడలతోనే, తెలుసా? ఇండియన్ నెక్స్ అని పాత క్యాటలాగుల్లో ఉండేవి. చవక, ఎరుపు గోధుమ రంగులు బ్రహ్మాండం, ఈకలు మాత్రం పొట్టివి. ఒక్క ఫ్లైకి రెండు ఈకలు ఖర్చు. వాటిలో గ్రిజ్లీ దొరకడమే అరుదు. అంటే మన డేగలు ఎప్పుడో ఈ నదుల్లో తేలాయన్నమాట.

ఇంకో సంగతి. క్రీ అని ఒక రంగుంది. ఒకే ఈక మీద నలుపు, తెలుపు, ఎరుపు మూడూ అడ్డ చారలుగా. అది దొరికితే ఆడమ్స్‌కి రెండు ఈకలు కలపక్కర్లేదు, ఒక్కటే చాలు. కావాలని పెంచితే వచ్చేది కాదు, అనుకోకుండా పుడుతుంది. అందుకే ధర చూస్తే గుండె ఆగుతుంది. నా దగ్గర ఒక ముక్క ఉంది, పెళ్ళి పట్టుచీరలా బీరువాలో దాచుకుని అప్పుడప్పుడు చూసుకుంటాను.

ఉండి_రోడ్డు | జనవరి 12, ఉదయం 9:03

ఆగండాగండి. ఒకే ఈకలో నలుపు, తెలుపు, ఎరుపు మూడూనా? అది పూల! పూల పుంజు అంటే అదే కదండీ. మా పెదనాన్న దొడ్లో ఉంది. సాయంత్రం ఫొటో పెడతాను.

కోనసీమ_గాలి | జనవరి 12, ఉదయం 9:20

పండగ మూడు రోజులే ఉంది, ఆ పుంజు పదహారో తారీఖు దాకా ఉంటే కదా.

నిర్వాహకులు | జనవరి 12, ఉదయం 10:00

పుంజుల రంగులు, ఈకలు మాట్లాడుకోండి, అడ్డులేదు. పందేల వివరాలు, బరులు, బెట్టింగులు ఈ వేదికలో వద్దు. అది చట్టవిరుద్ధం. అలాంటి పోస్టులు తొలగిస్తాం.

ఉండి_రోడ్డు | జనవరి 12, సాయంత్రం 5:45

అయ్యా, మా పెదనాన్నది పెంపుడు పుంజు, ముసలిది. దాన్ని ఎవరూ దించరు. పొద్దున్నే కూయడానికి కూడా బద్ధకిస్తుంది. ఫొటోలు పెట్టాను చూడండి. రెండో ఫొటోలో నేలమీద రాలిన మెడ ఈక, పక్కన రూపాయి బిళ్ళ.

డెన్వర్_అక్క | జనవరి 12, సాయంత్రం 6:30

రంగు చూసి కుర్చీలోంచి లేచాను. చారలు అంత తీరుగా లేవు, అక్కడక్కడ మచ్చల్లా ఉన్నాయి. అయినా ఆడమ్స్‌కి సరిపోయే రంగే. పోగు మాత్రం పొడవు, 12 నంబర్ కంటే చిన్న హుక్కుకి పనికిరాదు (నంబర్ పెరిగేకొద్దీ హుక్కు చిన్నది). ఈనె దగ్గర మెత్తగా బూజులా కనిపిస్తోంది చూశారా? ఆ భాగం నీళ్ళు పీలుస్తుంది. కొసవైపు వాడుకోవాలి.

తమ్ముడూ, నీ ఆలోచన నాకు తెలుసు. ఎవరైనా వస్తుంటే సూట్‌కేసులో పెట్టించుకుందామని. వద్దు. బర్డ్ ఫ్లూ వల్ల శుద్ధి చేయని పచ్చి ఈకల మీద ఆంక్షలున్నాయి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

తీర్థన్_టికెట్టు | జనవరి 12, రాత్రి 9:15

నేను హైదరాబాద్‌లోనే ఉంటాను, నాకు కొరియర్ చేయొచ్చు కదా! ఏటా మార్చిలో హిమాచల్ వెళ్తాను. అక్కడ ట్రౌట్ (చల్లటి నీళ్ళ చేప) ఉండే నదులు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూసేస్తారు, మార్చి ఒకటిన తెరుస్తారు. బంజార్ దాటాక గుషైని దగ్గర తీర్థన్ నదిలో బ్రౌన్ ట్రౌట్ ఉంది. బ్రిటిష్ వాళ్ళు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కులు లోయలో వదిలిన చేపల సంతతి. మనం చాలావరకు స్పిన్నర్లు (నీళ్ళలో గిరగిరా తిరిగే రేకు ఎరలు) వేస్తాం గానీ మార్చిలో నీళ్ళు సన్నగా, అద్దంలా ఉన్నప్పుడు డ్రై ఫ్లై మీద పడుతుంది. ఏప్రిల్ ముదిరితే మంచు కరిగి నది తెల్లబడుతుంది, ఇక ఏ ఫ్లైకీ దిక్కుండదు. నేను కట్టేది అంతంత మాత్రమే, పూల ఈక దొరికితే మాత్రం ప్రయత్నిస్తా.

ఉండి_రోడ్డు | జనవరి 12, రాత్రి 9:22

అడ్రసు మెసేజ్ చేయండి. పండగ వెళ్ళగానే పంపిస్తా. రాలినవే ఏరుతాను, బతికున్న పుంజు మెడ పీకితే మా పెదనాన్న నా మెడ పీకుతాడు.

నోవీ_చలి | ఫిబ్రవరి 8, రాత్రి 10:10

నలభై రెండో ఆడమ్స్. గిన్నె పరీక్ష పాసయింది! రెండు చేతుల ఎత్తు నుంచి వదిలితే రెక్కలు పైకే వాలింది. రెండు కళ్ళంత చోటు వదిలిన మాటే నన్ను కాపాడింది అక్కా.

ఇప్పుడు నీళ్ళలో ఎలా వేయాలో చెప్పండి. పోయినసారి చేపలు కళ్ళముందే పైకి లేచి తింటున్నాయి, నా ఫ్లైని మాత్రం ఒక్కటీ ముట్టలేదు. నా ఫ్రెండు నాకు అర్థం కాకుండా "డ్రాగ్, డ్రాగ్" అని అరిచాడు.

బోర్డ్‌మన్_బాబాయ్ | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 12:50

అసలు సంగతి ఇక్కడుంది. నువ్వు జనవరి నుంచి పడ్డ కష్టం కంటే ఇది ముఖ్యం.

గోదారిలో కొబ్బరికాయ వదిలితే ఎలా పోతుంది? నీరు ఎటు తీసుకెళ్తే అటు. నిజం పురుగు కూడా అంతే. నీ ఫ్లైకి మాత్రం దారం కట్టి ఉంది. నీకూ ఫ్లైకీ మధ్య నీటి వేగం అంతటా ఒకటి కాదు. మధ్యలో జోరుగా పారే పాయ తాడుని ముందుకి ఈడ్చుకుపోతుంది, తాడు ఫ్లైని లాగుతుంది. ఫ్లై వెనక చిన్న గీత పడుతుంది, పడవ వెనక పడ్డట్టు. ఆ గీత చూసిందా, ఇక చేప ముట్టదు. డ్రాగ్ అంటే అదే. ఎంత అందంగా కట్టినా గీత పడితే అది పురుగు కాదు.

అందుకని చేపకి దిగువన, కొంచెం పక్కగా నిలబడి ఎగువకి వెయ్యి. ఫ్లై చేప తల మీద కాదు, దానికి రెండు మూడు అడుగులు ఎగువన వాలాలి. వాలగానే తాడు మధ్య భాగాన్ని రాడ్ కొసతో ఎత్తి ఎగువకి తిప్పెయ్, ఫ్లైని కదపకుండా. ఇదీ మెండింగ్. తొమ్మిదడుగుల 5 వెయిట్ (తాడు బరువు నంబరు) రాడ్, తొమ్మిదడుగుల లీడర్, కొసకి 5ఎక్స్ (దారం సన్నదనం నంబరు) చాలు. ఫ్లై తేలడానికి ఫ్లోటెంట్ అనే జిడ్డు పులిపిరంత రాయి, ఎక్కువ రాస్తే పోగులు అతుక్కుపోతాయి. చేప నోరు తెరిచి తీసుకున్నాక మన పాతగాలం గారిలా ఒక్క గుంజు గుంజకు. మనసులో ఒక మాట అనుకునేంత ఆగి రాడ్ పైకెత్తు.

నా వయసు వాళ్ళకి ఒక చిట్కా. మామూలు ఆడమ్స్ బూడిద నీళ్ళలో నాకు కనపడదు. కాటరాక్టు ఆపరేషన్ తర్వాత కూడా అంతే. పారాషూట్ ఆడమ్స్ వాడతాను. తెల్ల బొచ్చుతో ఒకటే నిలువు కుచ్చు, దాని మొదట్లో హ్యాకిల్ గొడుగులా అడ్డంగా చుడతారు. తెల్ల చుక్క నాకు కనపడుతుంది, చేపకి కింద ఆడమ్సే కనపడుతుంది.

పాతగాలం | ఫిబ్రవరి 9, సాయంత్రం 4:00

ఇంతా చేసి పట్టిన చేప ఎంతుంటుంది? ఎలా వండుతారు?

బోర్డ్‌మన్_బాబాయ్ | ఫిబ్రవరి 9, సాయంత్రం 4:35

మీరు అడుగుతారని తెలుసు. మేం వెళ్ళే చోటు గ్రేలింగ్ ఊరి పక్కన ఆసాబుల్ మీద ఎనిమిది మైళ్ళ పైనే, హోలీ వాటర్స్ అంటారు. అక్కడ ఫ్లై తప్ప వేరే ఎర వేయకూడదు, పట్టిన ప్రతి చేపనీ వదిలేయాలి. దానికో కథ ఉంది. ఆ ఊరికి పేరిచ్చిన గ్రేలింగ్ చేప ఒకప్పుడు ఆ నదిలో పుట్టలు పుట్టలుగా ఉండేది. అడవులు నరికి దుంగలన్నీ నదిలో వదిలారు, బుట్టలకొద్దీ పట్టుకెళ్ళారు. 1930ల నాటికి మిషిగన్‌లో ఒక్కటీ మిగల్లేదు. ఊరు పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడున్న బ్రౌన్ ట్రౌట్ కూడా వలస వచ్చిందే. 1884లో జర్మనీ గుడ్ల పిల్లల్ని ఇదే రాష్ట్రంలో పేర్ మార్క్వెట్ నదిలో వదిలారు. మనలాంటి వాళ్ళే, వచ్చి స్థిరపడ్డారు. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ కూడా 1959లో ఈ ఆసాబుల్ ఒడ్డునే పుట్టింది.

పాతగాలం | ఫిబ్రవరి 9, సాయంత్రం 4:50

పట్టి వదిలేయడానికి మూడు గంటలు కారు నడుపుతారన్నమాట. సరే. నోరు చిరగదా దానికి?

డెన్వర్_అక్క | ఫిబ్రవరి 9, సాయంత్రం 6:12

న్యాయమైన ప్రశ్న. అసలేమీ అవదని చెప్పను. హుక్కు మీద ఎదురు ముల్లుని ముందే పట్టకారుతో నొక్కేస్తాం, సూదిలా జారి వచ్చేస్తుంది. చేయి తడిపి కానీ చేపని ముట్టం, పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు పొర పోతుంది. నీళ్ళు 68 ఫారెన్‌హీట్ దాటితే ఆ రోజు ఇంటికి వెళ్ళిపోతాం, వేడి నీళ్ళలో అలిసిన చేప కోలుకోదు. ఇన్ని చేసినా అది మన సరదా కోసం పడే బాధే. నేను రోజుకి ఐదారు పట్టాక ఆపేసి కూర్చుని చూస్తాను. మా ఆయన మొత్తానికే మానేశాడు, పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటాడు.

తీర్థన్_టికెట్టు | మార్చి 19, రాత్రి 8:30

ఉండి గారి ఈకలు తొమ్మిది వచ్చాయి, పెళ్ళి శుభలేఖ కవర్లో పెట్టి పంపారు. సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టాను. మూడు పాడు చేసి రెండు ఫ్లైలు కట్టగలిగాను, 12 నంబర్. డెన్వర్ అక్క చెప్పినట్టు ఈనె దగ్గరి మెత్తటిదంతా పీకేశాను. మస్క్‌రాట్ నా దగ్గర లేదు, పాత బూడిదరంగు ఉన్ని మఫ్లర్‌లోంచి పోగులు పీకాను. హాలడే కూడా ఉన్నే వాడాడని బాబాయ్ గారు చెప్పాక ధైర్యం వచ్చింది.

పదహారో తారీఖు గుషైనికి ఎగువన, పర్మిట్ చేతిలో పెట్టుకుని దిగాను. నీళ్ళలో పది నిమిషాలుంటే మోకాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. మొదటి ఫ్లై రెండో విసురుకే వెనకున్న చెట్టుకి తగిలి పోయింది. రెండోది బాగా తేలలేదు, పోగులు మెత్తన కదా. నీటి పొరలో సగం మునిగి ఈదుతున్నట్టుంది. పెద్ద బండ వెనక నీరు నెమ్మదించే చోట వేశాను. నీడలోంచి గోధుమరంగు ఒకటి లేచింది, తొందరే లేదు దానికి. దగ్గరికి వచ్చి, దాని కిందే వెనక్కి జరుగుతూ చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. మూతి పైకెత్తి తీసుకుంది.

నా అరచేయి కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ. ఎర్ర చుక్కలు, వాటి చుట్టూ లేత నీలం వలయాలు. ఫొటో తీద్దామని ఫోను తీసేలోపే జారిపోయింది. ఫ్లై ఫొటో మాత్రం పెట్టాను, తోక ఊడిపోయి ఉంది.

కోనసీమ_గాలి | మార్చి 19, రాత్రి 8:41

అంటే ఫొటో లేదు.

తీర్థన్_టికెట్టు | మార్చి 19, రాత్రి 8:43

లేదు. కావాలంటే హోమ్‌స్టే ఆయన్ని అడగండి, ఒడ్డున కూర్చుని టీ తాగుతూ చూశాడు.

నోవీ_చలి | మే 6, రాత్రి 9:55

శనివారం ఆసాబుల్ వెళ్ళొచ్చాను. బాబాయ్ గారు కూడా వచ్చారు, ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో పులిహోర. మధ్యాహ్నం రెండున్నర దాకా నది మీద ఏమీ లేదు. తర్వాత హెండ్రిక్సన్ మేఫ్లైలు రావడం మొదలైంది. ఒకటి నా చొక్కా చేతి మీద వాలింది. తెరచాప ఎత్తిన పడవలా రెండు బూడిద రెక్కలు నిలబెట్టుకుని కూర్చుంది. నా డబ్బా తెరిచి పక్కన పెట్టి చూస్తే అంత పోలికేమీ లేదు. కానీ ఒక అడుగు దూరం జరిపి చూస్తే ఉంది.

నాలుగు ఆడమ్స్‌లు ఒడ్డున దేవదారు కొమ్మలకి సమర్పించాను. ఐదోది ఒడ్డు పక్కన దుంగ దగ్గర పడింది. తాడు నడిమి పాయలో చిక్కేలోపు ఎగువకి తిప్పాను, గీత పడలేదు. చిన్న బుడగ లేచినట్టు ముద్దు చప్పుడు. నేను మాట అనుకోవడం మర్చిపోయి గుంజేశాను, పోయింది. బాబాయ్ గారు అవతల నుంచి ఏమీ అనలేదు, కాఫీ పోసుకున్నారు. మళ్ళీ అక్కడే పది నిమిషాల తర్వాత వేశాను. ఈసారి "రామ" అనుకుని ఎత్తాను. తొమ్మిదంగుళాల బ్రూక్ ట్రౌట్! పొట్ట నారింజ రంగు, రెక్కల అంచున తెల్లటి గీత. అదే ఫ్లై మీద ఇంకో రెండు పడ్డాయి. మూడోది పడేసరికి ఫ్లైకి ఒక రెక్క లేదు, హ్యాకిల్ సగం ఊడి వేలాడుతోంది. అక్కా, ఆ రెక్క ఏ దిక్కు చూస్తోందో నీకు చెప్పను.

డెన్వర్_అక్క | మే 6, రాత్రి 10:20

ఆ ఒక్క ఫ్లైని మళ్ళీ వాడకు, టోపీకి గుచ్చుకో. హ్యాకిల్ ఊడిందంటే ఈనె మొదట్లో దారం చాల్లేదు. ఇంకో రెండు చుట్లు వెయ్యి.

ఉండి_రోడ్డు | మే 7, ఉదయం 7:30

అందరికీ అభినందనలు. నాకొక సందేహం. బాబాయ్ గారు చెప్పిన లెక్కన మొదట చేప పట్టినవాడి పేరే ఫ్లైకి పెడతారు కదా. అంటే మా పూల ఈకల ఫ్లైకి తీర్థన్ గారి పేరు వస్తుందా? పుంజు మాది, ఈక మాది, కొరియర్ ఖర్చు మాది.

కోనసీమ_గాలి | మే 7, ఉదయం 7:48

ఫొటో లేదు కాబట్టి ఆ చేప లెక్కలోకి రాదు. పూల అనే ఉంచండి.

తీర్థన్_టికెట్టు | మే 7, ఉదయం 8:05

నాకేం అభ్యంతరం లేదు. మిగిలిన నాలుగు ఈకలతో సెప్టెంబర్‌లో మళ్ళీ వెళ్తాను, ఈసారి ఫోను మెడకి కట్టుకుంటాను.

పాతగాలం | మే 7, ఉదయం 8:30

అరచేయి మీద నాలుగు వేళ్ళు అన్నావు కదా. అలాంటివి ఆరు పడితే పులుసుకి వస్తాయి.